ఎల్లమంద చెయ్యి పెట్టిన లాప్‌టాప్

నన్ను నరసరావుపేట సర్వీస్ సెంటరుకు బదిలీ చేసింది రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, మే నెల మొదటి వారంలో. హోదా సీనియర్ కస్టమర్ ఇంజనీరు. పేరు చూసి పెద్ద ఉద్యోగమనుకునేరు. చెడిపోయిన కంప్యూటరు ఎక్కడుంటే అక్కడికి భుజాన సంచీ తగిలించుకుని వెళ్లి, బాగుచేసి రావడమే పని. డిప్లొమా చదివి చేరిన మాలాంటివాళ్లం ఇరవై ఏళ్లు బస్సులెక్కి దిగాక ‘సీనియర్’ అనే మాట సంపాదించుకుంటాం. మే నెలలో పల్నాడు పోస్టింగ్ అనగానే మా ఆవిడ, మీ మేనేజరుకు మీరేం అన్యాయం చేశారండీ అని అడిగింది. నాకూ ఆ అనుమానం ఉండేది.

సత్తెనపల్లి నుంచి మాచర్ల దాకా, ఇటు వినుకొండ, బొల్లాపల్లి దాకా నా పరిధి. మా పద్ధతి ఇదీ: కస్టమరు ఫోన్ చేస్తే దానికో నంబరు వేస్తారు, దాన్ని ‘కాల్’ అంటాం. ప్రతి కాల్‌కూ ఒక జాబ్ షీటు. అందులో యంత్రం పైకి ఎలా ఉందో రాసే గడి ఒకటి, కస్టమరు చెప్పిన లోపం ఒకటి, మేం కనిపెట్టిన లోపం ఒకటి, ఆ లోపం గుర్తించిన వారి పేరూ ఎంప్లాయీ కోడూ రాసే గడి ఒకటి. ఎంత వెదికినా ఏమీ దొరక్కపోతే ఎన్.ఎఫ్.ఎఫ్. అని మూడక్షరాలు రాస్తాం. లోపం లేదు అని దానర్థం. కింద సంతకం పెడితే కాల్ మూసేసినట్టే. నిజం చెప్పొద్దూ, ఆ మూడక్షరాలు రాసేటప్పుడు నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది. లోపం మా యంత్రంలో లేదు, వాడేవాళ్లలో ఉంది అని మనసులో అనుకుంటూ రాసేవాణ్ని.

మాచర్ల కాల్ జూన్‌లో వచ్చింది. అక్కడ ఒక ట్రస్టువాళ్లు చెవుడు ఉన్నవాళ్లకు పరీక్షలు చేసి మిషన్లు అమర్చే కేంద్రం నడుపుతున్నారు. రెండు గదులు, ఒక వరండా. గుంటూరు నుంచి ఉషారాణి మేడం అనే ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు, నెలకు రెండు శనివారాలు పొద్దున్నే రైల్లో వచ్చి మధ్యాహ్నం బండికి వెళ్లిపోయేది. చెవి మిషను కొనుక్కుని తగిలించుకుంటే సరిపోదని నాకు అక్కడే తెలిసింది. ఎవరికి ఏ శబ్దాలు ఎంత తక్కువగా వినపడుతున్నాయో కొలిచి, ఆ కొలతల ప్రకారం మిషన్‌లోపలి చిప్‌లో రాయాలి. ఆ రాసే పని చేసేది ఒక పాత లాప్‌టాప్.

ఎంత పాతదంటే, దాని మోడల్ నంబరు చెబితే మా స్పేర్ పార్టుల విభాగంలో కుర్రాళ్లు నవ్వారు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ఎడాప్టరు మీదే నడుస్తుంది. కానీ దాన్ని పారెయ్యడానికి వీల్లేదు. చెవి మిషన్లకు కలిపే పెట్టె దీని వెనకున్న పాత రకం పోర్టుకే తగులుతుంది. ఆ ప్రోగ్రాము ఈ ఒక్క యంత్రానికే తాళం వేసినట్టు ఉంటుంది, ఇంకో దాంట్లో ఎక్కించబోతే ఒప్పుకోదు. ఆ ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీ మూతబడింది. కొత్త సామాను కోసం ట్రస్టు అర్జీ పెట్టుకుంది, అది వచ్చేటప్పటికి నెలలు పడుతుంది.

కస్టమరు చెప్పిన లోపం: ‘ఒక్కోసారి స్టార్ట్ అవుతుంది, ఒక్కోసారి అవ్వదు.’ ఈ వాక్యం చూస్తే మా వృత్తిలో ఎవడికైనా ప్రాణం ఉసూరుమంటుంది. పూర్తిగా చచ్చిన యంత్రం మంచిది, ఎక్కడ చచ్చిందో పట్టుకోవచ్చు. మనం చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండి, మనం బస్సెక్కగానే మొరాయించే యంత్రం ఉందే, అది మనిషిని పిచ్చివాణ్ని చేస్తుంది.

మొదటిసారి యంత్రాన్ని నరసరావుపేట తెప్పించి నా బెంచీ మీద పెట్టాను. మా బెంచీకి పైన మందపాటి రబ్బరు పరుపు పరిచి ఉంటుంది, ఒంట్లోని కరెంటు సున్నితమైన భాగాలకు తగలకుండా. యంత్రాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, ‘పైకి ఎలా ఉంది’ అనే గడిలో ‘కింద నాలుగు రబ్బరు పాదాల్లో ఒకటి లేదు, మూత మీద గీతలు’ అని రాశాను. ఆన్ చేశాను. వచ్చింది. ఆపి మళ్లీ ఆన్ చేశాను. పదకొండుసార్లు చేస్తే పదకొండుసార్లూ వచ్చింది. మూడక్షరాలు రాసి పంపించేశాను. పదిహేను రోజులకు మళ్లీ కాల్. ఈసారి మెమరీ బిళ్ల మార్చాను, హార్డ్ డిస్కు కేబులు మార్చాను, మదర్‌బోర్డు మీద గడియారానికి ఉండే గుండీ సెల్లు మార్చాను, ఎడాప్టరు వోల్టేజి మీటరు పెట్టి కొలిచాను. రెండు రోజులు బెంచీ మీద ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. మళ్లీ ఆ మూడక్షరాలే. యంత్రం మాచర్ల చేరిన శనివారమే ఉషారాణి మేడం ఫోన్ చేసింది. గొంతు పెంచలేదు గానీ, ఇక్కడికి ఒకసారి మీరే రండి, మీ కాగితం మీద బాగుంటే నా పేషెంట్లకు వినపడదు కదా అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

మేడం మళ్లీ వచ్చే శనివారం తెల్లారకముందే బయల్దేరి, పిడుగురాళ్ల మీదుగా బస్సులో మాచర్ల చేరాను. పది గంటలకే ఎండ మాడ్చేస్తోంది. వరండాలో పదిహేను మంది దాకా కూర్చుని ఉన్నారు. లోపల గదిలో పెద్ద కూలరు గుర్రుగుర్రున తిరుగుతోంది. గోడ వారగా రెండు ఇటుక దిమ్మెల మీద ఒక బండ వేసి అదే బల్లగా వాడుకుంటున్నారు. ఆ ఊళ్లో బల్ల కావాలంటే ఎవరూ వడ్రంగి దగ్గరకు పోరు, క్వారీ నుంచి ఒక నాపరాయి తెచ్చి వేసేస్తారు. దాన్ని పాలిష్ కూడా పట్టించలేదు, భూమిలోంచి ఎలా ఊడివచ్చిందో అలాగే ఉంది. లాప్‌టాప్ దాని మీద ఉంది. బటన్ నొక్కితే చిన్న పచ్చలైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది.

మేడం నన్ను పక్కకు పిలిచి వరుసలో ముందు కూర్చున్న జంటను చూపించింది. అతని పేరు ఎల్లమంద, యాభై ఎనిమిదేళ్ల మనిషి, బండల క్వారీలో మేస్త్రీ. ఆమె అతని భార్య చిట్టెమ్మ. ముప్పై ఏళ్లు రాతికోత మిషన్ల మధ్య, తూటాల మధ్య పనిచేసి అతనికి చెవులు పోయాయి. క్వారీలో పై పొరలు లేపడానికి తూటాలు పేల్చేముందు ఈల వేస్తారు, అందరూ వెనక్కి పోవాలి. నెల కిందట ఈల వినపడక ఎల్లమంద అక్కడే నిలబడిపోయాడు. ఇంకొకడు పరిగెత్తుకెళ్లి లాగాడు కాబట్టి మనిషి దక్కాడు. యజమాని చెడ్డవాడేం కాదు, కానీ భయపడ్డాడు. చెవిలో మిషను పెట్టుకుని ఈ వచ్చే సోమవారానికల్లా వస్తే పని, లేకపోతే ఇంక రావద్దు అన్నాడు. ఎల్లమంద మిషను వచ్చి నెలయింది. ఇది మూడో శనివారం. రెండుసార్లు ఈ లాప్‌టాప్ లేవక ఉత్తచేతులతో వెనక్కి పోయారు. ఆ రెండుసార్లూ నేను సంతకం పెట్టిన కాగితాలు అదే గదిలో ఫైలులో ఉన్నాయి.

“మీరేనా సారూ గుంటూరోళ్లు?” అని అడిగింది చిట్టెమ్మ. నరసరావుపేట నుంచమ్మా అన్నాను. “యాడోళ్లయితే ఏందిలే, దాన్ని లేపండి. ఈయనకి పని లేకపోతే ఇంట్లో నన్ను పీక్కు తింటాడు” అంది. నవ్వుతూనే అంది గానీ, చేతిలో ఉన్న ఓపీ చీటీని నాలుగు మడతలు పెట్టి మళ్లీ విప్పుతోంది.

నేను నా వరుస ప్రకారం మొదలుపెట్టాను. ఎడాప్టరు పీకి బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కిపెట్టి, లోపల మిగిలిన కరెంటు దింపాను. మెమరీ బిళ్ల తీసి దాని ఇత్తడి రంగు అంచులను రబ్బరుతో రుద్ది మళ్లీ బిగించాను. హార్డ్ డిస్కు తీసేసి ప్రయత్నించాను. ఏం చేసినా పచ్చలైటే, నల్లతెరే. ఒక్కసారి మాత్రం, ఎందుకో తెలియదు, తెర వచ్చింది. మేడం కుర్చీ లాక్కుని కూర్చునేలోగా పోయింది.

అప్పుడు నా బుర్రలో ఒక సిద్ధాంతం పుట్టింది. నరసరావుపేటలో వస్తోంది, ఇక్కడ రావడం లేదు. యంత్రం అదే. మారింది ఏమిటి? కరెంటు. మీటరు పెట్టి చూస్తే ఎర్తింగ్ నిజంగానే బలహీనంగా ఉంది. దొరికింది దొంగ అనుకున్నాను. వాచ్‌మన్‌ను పిలిచి, పెరట్లో ఎర్త్ గుంట ఎండిపోయిందని చీవాట్లు పెట్టి, కొట్టు నుంచి రెండు కిలోల రాళ్ల ఉప్పు తెప్పించి, నాలుగు బకెట్ల నీళ్లతో ఆ గుంటలో పోయించాను. ఆ ఎండలో నేనే దగ్గరుండి పోయించాను. చొక్కా తడిసి ముద్దయింది. తిరిగివచ్చి బటన్ నొక్కాను. పచ్చలైటు. నల్లతెర.

“ఉప్పు సరిపోలేదేమో సారూ, కాస్త కారం కూడా ఎయ్యకపోయారా” అంది చిట్టెమ్మ. వరండా మొత్తం నవ్వింది, వినపడినవాళ్లను చూసి వినపడనివాళ్లు కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. గడియారం పన్నెండు దాటింది. మేడం బండికి ఇంక మూడు గంటలు కూడా లేవు.

ఆ సమయంలో ఎల్లమంద లేచి వచ్చాడు. పొద్దుటినుంచీ గుమ్మంలో నిలబడి నా చేతులవంకే చూస్తున్నాడని నాకు తెలుసు. వచ్చి, నన్నేమీ అడక్కుండా కుడి అరచెయ్యి లాప్‌టాప్ మీద పెట్టాడు. తాకొద్దయ్యా అని అరిచాను. చెవుడున్నవాళ్లు వచ్చే చోట అలా అరిచిన తెలివి నాది. “అరవమాకండి సారూ, ఆరేళ్ల నుంచి నేనే అరుస్తన్నా, ఇనపడి చావదు” అంది చిట్టెమ్మ.

అతను నా ముఖం చూసి, గొంతు ఎంత పెద్దగా ఉందో తనకే తెలియని మనిషి మాట్లాడినట్టు గట్టిగా, “మళ్లా ఒకసారి ఎయ్యి సారూ” అన్నాడు. వేశాను. అతను కళ్లు మూసుకున్నాడు. ఐదారు సెకన్లు గడిచాయి. “మూడు కొట్టింది” అన్నాడు. ఏది మూడు కొట్టింది అని చేత్తో సైగ చేశాను. “ఇదే. లోపల. మూడు కొట్టి ఆగుద్ది. మళ్లా మూడు కొట్టుద్ది. ఇదిగో, ఇంకో మూడు.” కీబోర్డు ఎడమవైపు పైమూల మీద ఉన్న అతని చూపుడువేలు కదలనే లేదు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కంప్యూటరు ఆన్ కాగానే, తెర వెలగకముందే, తన అవయవాలను తనే పరీక్షించుకుంటుంది. అంతా సవ్యంగా ఉంటే ఒకసారి కీమంటుంది. తేడా ఉంటే, తెర రాదు కాబట్టి, ఆ కీమనే లెక్కతోనే చెప్పుకుంటుంది. ఎన్నిసార్లు అంటే ఏ భాగమో ప్రతి కంపెనీ పుస్తకంలోనూ పట్టిక ఉంటుంది. ఈ యంత్రం స్పీకరు రంధ్రాలు రాతిదుమ్ముతో పూడిపోయి, ఆ చప్పుడు బయటికి రావడం లేదు. మిగిలిన కాస్తా కూలరు హోరులో కలిసిపోతోంది. బెంచీ మీద ఎప్పుడూ సవ్యంగానే లేచింది గనక అక్కడ నేను దాని గురించి ఆలోచించనే లేదు. యంత్రం ఇన్ని రోజులుగా తన జబ్బు తనే చెప్పుకుంటోంది. చెవులు బాగున్న నాకు వినపడలేదు. చెవుల్లేని ఎల్లమంద చేతికి తెలిసింది.

కూలరు ఆపించాను. ఫ్యానూ ఆపించాను. గదిలో ఎవరినీ మాట్లాడొద్దన్నాను. చెవి తీసుకెళ్లి కీబోర్డుకు ఆనించి పెట్టి బటన్ నొక్కాను. ఎక్కడో గోడవతల చిమ్మెట అరిచినంత సన్నగా, మూడు. ఆగింది. మూడు. నేను తలెత్తేసరికి ఎల్లమంద నన్నే చూస్తూ మూడు వేళ్లు చూపించాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక మనిషికి నమస్కారం పెట్టాలనిపించిన సందర్భాలు నాకు తక్కువ. ఆ రోజు నిజంగా చేతులెత్తి పెట్టాను. అతను సిగ్గుపడి భార్య వైపు తిరిగాడు.

ఆ కంపెనీ పుస్తకం ప్రకారం మూడు అంటే మెమరీ. కానీ మెమరీ బిళ్ల నేనే కొత్తది వేశాను కదా? ఈ ప్రశ్న నేను పైకి అననేలేదు, ఎల్లమంద అప్పటికే తర్వాతి పనిలో ఉన్నాడు. లాప్‌టాప్ నాలుగు మూలలా ఒక్కొక్క వేలితో అదిమి చూస్తున్నాడు. వెనక కుడి మూల అదిమినప్పుడు ఆ మూల కనపడీ కనపడనంత కిందికి పోయింది. “ఇది బండ మీద సరిగ్గా కూసోలా సారూ” అన్నాడు. లాప్‌టాప్ పక్కకు జరిపి బల్ల మీద అరచెయ్యి పాముతూ పోయి ఒకచోట ఆపాడు. “ఈడ బండ ఉబ్బుంది. దీని మీద పడుకోబెడితే నడుం మెలిదిరిగిద్ది. బండైనా అంతే, అడుగున ఒక మూల ఎత్తుంటే ఇంకో మూల ఇరుగుద్ది.”

పోయిన రబ్బరు పాదం ఆ మూలదే. మా బెంచీ మీది మెత్తటి రబ్బరు పరుపులో మూడు పాదాలున్నా నాలుగున్నా యంత్రం సమంగా కూరుకుని కూర్చుంటుంది. ఈ నాటుబండ మీద పెట్టేసరికి వెంట్రుకవాసి మెలిక పడుతోంది. లోపల ఎక్కడో అప్పటికే విడిపోవడానికి సిద్ధంగా ఉన్న అతుకు ఆ మెలికకు విడిపోతోంది. పాదం లేదని జాబ్ షీటులో నా చేత్తో నేనే రాశాను, అదే కాగితం మీద లోపం లేదని కూడా రాశాను.

ఎల్లమంద బయటికి వెళ్లి, మెట్లపక్క పడున్న రాతిముక్కల్లోంచి గోరంత పెచ్చు ఒకటి ఏరుకొచ్చాడు. బండలు పరిచేవాళ్లకు ఇది రోజూ పనే, బండ ఊగుతుంటే కింద చిన్న పెచ్చు దూర్చి కుదురుగా కూర్చోబెడతారు. దాన్ని గడప మీద రెండుసార్లు రుద్ది, యంత్రం మూల కింద పెట్టి, తీసి, మళ్లీ రుద్ది, మళ్లీ పెట్టాడు. నా వైపు చూసి తల ఊపాడు. బటన్ నొక్కాను. “ఒకటే కొట్టింది” అన్నాడు వెంటనే. ఆ తర్వాత చెయ్యి కిందికి జరిపి, “ఇక్కడ చక్రం ఏదో తిరగతా ఉంది” అన్నాడు. అది హార్డ్ డిస్కు. తెర వెలిగింది.

అక్కడితో ఆగితే నా ఉద్యోగానికి అర్థం లేదు. యంత్రం ఆపి, కీబోర్డు విప్పి, భూతద్దం పెట్టి చూశాను. మెమరీ బిళ్ల దూర్చే గాడికి బోర్డుతో అతుకు వేసిన కాళ్లు వరుసగా ఉంటాయి. ఎల్లమంద వేలితో అదిమిన ఆ వెనక మూలకు సరిగ్గా కింద, రెండు కాళ్ల దగ్గర సీసం అతుకు చుట్టూ నల్లటి దారప్పోగంత చీలిక ఉంది. నేను బిళ్ల మార్చాను గానీ గాడిని చూడలేదు. దానికి మళ్లీ అతుకు వెయ్యాలి. సన్నమొన సోల్డరింగ్ ఐరన్ నరసరావుపేటలో ఉంది. ఊళ్లో టీవీ షాపువాళ్ల దగ్గరున్న లావుపాటి ఐరన్‌తో ఆ పని చేస్తే యంత్రం శాశ్వతంగా పోవచ్చు.

ఉన్న దారి ఒక్కటే, ఆ రాతిపెచ్చు మీదే యంత్రాన్ని నడపడం. దానిలో ప్రమాదం ఉంది. చెవి మిషన్ చిప్‌లో రాస్తున్న రెండు మూడు నిమిషాల్లో యంత్రం ఆగిపోతే ఆ మిషను పనికిరాకుండా పోవచ్చు, ఇంకోటి రావడానికి మళ్లీ నెలలు. మేడం నా వైపు చూసి, మీరు చెబితే చేస్తాను అంది. అంతవరకూ నేను ఎన్నో కాగితాల మీద ధైర్యంగా సంతకాలు పెట్టాను, ఇక్కడ మాత్రం చిట్టెమ్మను దగ్గరికి పిలిచాను. ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆగితే మిషను పోతుందమ్మా, ఈ రోజు చెయ్యకపోతే సోమవారం పని పోతుంది, మీరే చెప్పండి అన్నాను. ఆమె భర్త ముందు నిలబడి, వాళ్లిద్దరికే తెలిసిన సైగలతో ఆ మాటలన్నీ చెప్పింది. అతను ఆలోచించలేదు. “నా చెయ్యి దాని మీద ఉంటే ఆగదులే” అన్నాడు.

అలా జరిగింది ఆ పని. ఎల్లమంద బల్ల పక్కన కూర్చున్నాడు. అతని చెవిలోని మిషను నుంచి సన్నటి తీగ పెట్టెకు, పెట్టె నుంచి లాప్‌టాప్‌కు. అతని అరచెయ్యి కీబోర్డు పైమూల మీద. అదమడం లేదు, పసిబిడ్డ జ్వరం చూస్తున్నట్టు ఊరికే ఆనించాడు. మేడం కొలతలన్నీ సరిచూసుకుని, చిప్‌లో రాయమనే బటన్ నొక్కింది. తెర మీద నీలం గీత నెమ్మదిగా కుడివైపుకు పాకడం మొదలెట్టింది. సగం దాటాక ఒకచోట ఆగింది. మేమంతా తెర మీదికి వంగాం. ఎల్లమంద మాత్రం తెర చూడటమే లేదు, కళ్లు మూసుకుని, “తిరగతానే ఉంది” అన్నాడు. గీత కదిలింది. చివరికంటా పోయింది.

మేడం మిషను ఆన్ చేసి పక్కకు తప్పుకుంది. చిట్టెమ్మ దగ్గరగా వచ్చి, ఆరేళ్ల అలవాటు కొద్దీ, పక్కవీధికి వినపడేట్టు, “ఏమయ్యో, ఇనపడతందా?” అని అరిచింది.

ఎల్లమంద కుర్చీలోంచి అదిరిపడ్డాడు. చెవి మూసుకుని, “ఎందుకే అట్టా అరుస్తావు? చెవుడేమన్నా ఉందా నాకు?” అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంటోంది గానీ నాకు తెలియలేదు. అతనికి మాత్రం వినపడినట్టుంది, తల ఊపాడు. మేడం మిగిలిన పేషెంట్లకు కూడా ఆ రోజే చేసింది. వాళ్లందరి పనీ అయ్యేదాకా ఎల్లమంద చెయ్యి తియ్యలేదు, తనది ముందే అయిపోయినా సరే. మేడం బండి దొరికింది.

సోమవారం నేను ఐరన్ పట్టుకుని మళ్లీ మాచర్ల వెళ్లాను. చీలిన రెండు కాళ్లకే కాదు, వరుస మొత్తానికి కొత్త అతుకు వేశాను. పాత చెప్పు అడుగు కోసి నాలుగో పాదం అతికించాను. స్పీకరు రంధ్రాలు శుభ్రం చేశాను. నాటుబండ మీదే పెట్టి ఇరవైసార్లు ఆన్ చేశాను, ఇరవైసార్లూ ఒకటే కొట్టింది. పని పన్నెండుకే అయిపోయింది. బస్సుకు టైముంది. ఊరికే ఉండలేక ఆటో మాట్లాడుకుని ఎల్లమంద పనిచేసే క్వారీకి వెళ్లాను. ఎందుకెళ్లావంటే, చూడాలనిపించింది, అంతే.

నేను వెళ్లేసరికి తూటాలు పెట్టారు. ఈల వేశారు. గుంత లోపల పదిమంది పైకి రావడం మొదలుపెట్టారు. వాళ్లలో ముందు తల తిప్పినవాడు ఎల్లమంద. మిగతావాళ్లను ‘రండ్రా’ అని చేత్తో పిలుస్తూ గట్టు మీదికి ఎక్కాడు. యజమాని నా పక్కనే నిలబడి ఉన్నాడు, జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. పేలుడు అయ్యాక, దుమ్ము అణిగాక, ఎల్లమంద కోతకు సిద్ధం చేసిన బండల దగ్గరకు పోయాడు. చెవిలోంచి మిషను తీశాడు. దాన్ని చిన్న డబ్బాలో పెట్టి, డబ్బా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక బండ చివర అరచెయ్యి ఆనించి, ఇంకో చివర సుత్తితో సన్నగా తట్టి, కళ్లు మూసుకున్నాడు. మంచి బండను ఒకవైపు, లోపల పగులున్నదాన్ని ఇంకోవైపు వేయించాడు. పగులు పైకి నాకు కనపడలేదు. మిషను ఎందుకు తీశావని సైగ చేసి అడిగితే, ఈలకు చెవి కావాల సారూ, బండకు చెయ్యి చాలు, చెవి పెట్టుకుంటే పిచ్చిచప్పుళ్లన్నీ అడ్డమొస్తన్నాయి అన్నాడు.

ఆ కాల్‌కు జాబ్ షీటు నేను బస్సులో రాశాను. లోపం: మెమరీ గాడి అతుకులో చీలిక. చేసిన పని: మళ్లీ అతుకు వేసి, పాదం అమర్చడమైనది. లోపం గుర్తించినవారు అనే గడిలో ‘ఎల్లమంద, బండల మేస్త్రీ, మాచర్ల’ అని రాసి, ఎంప్లాయీ కోడు గడి ఖాళీగా వదిలేశాను. కోడు లేకపోతే కంప్యూటరు ఒప్పుకోవడం లేదని మేనేజరు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆయన చివరకు అక్కడ నా కోడు వేసుకున్నాడు, నేను వెయ్యలేదు. కాగితం కాపీ నా దగ్గర ఉంది.

రిటైరయ్యేదాకా మిగిలిన ఆ మూడేళ్లలో నేను ఎన్.ఎఫ్.ఎఫ్. అని మళ్లీ రాయలేదు. దొరకనప్పుడు ‘నాకు దొరకలేదు’ అని రాసి, యంత్రం ఉండే చోటికి వెళ్లి, సంచీ విప్పకముందు దాని మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ని. నా చేతికి ఎప్పుడూ పెద్దగా ఏమీ తెలియలేదు. కానీ చెయ్యి పెట్టినంతసేపూ నోరు మూసుకుని ఉండేవాణ్ని, అప్పుడు పక్కనున్నవాళ్లు చెప్పేది వినపడేది.